వెనిల్లా స్టౌట్‌ను రుచి చూడటం ఎలా?

వెనిల్లాకు తీపి లేదు. స్వచ్ఛమైన వెనిల్లా సారం ఒక చుక్క నాలుక మీద వేసుకుని చూడండి: ఆల్కహాల్ మంట, దాని వెనక సన్నటి చేదు, అంతే. అయినా వెనిల్లా స్టౌట్‌ను, అంటే బాగా వేయించిన బార్లీతో చేసి వెనిల్లా చేర్చిన నల్ల బీరును, మొదటిసారి తాగినవాళ్లలో చాలామంది అనే తొలి మాట "తియ్యగా ఉంది" అనే. చిన్నప్పటి నుంచి ఆ వాసన మనకు ఐస్‌క్రీములో, కేకులో, బిస్కెట్లలో చక్కెరతో కలిసే అందింది. అందుకే ఆ వాసన తగలగానే మెదడు తీపిని తానే జోడించుకుంటుంది. ఈ బీరులో నాలుకకు అందే తీపి వేరు, ముక్కు పుట్టించే తీపి వేరు. రెండింటినీ విడదీయడం వచ్చిందంటే తయారుచేసినవారి పనితనం బయటపడుతుంది. వేయించిన గింజల చేదును వెనిల్లాతో సర్దారా, లేక నీరసమైన బీరును వెనిల్లా కింద దాచారా అన్నది మీకే తెలుస్తుంది. ఇక్కడ చెప్పేదంతా ఆ విడదీత ఎలా చేయాలన్నదే.

ఒక మాట ముందే చెప్పాలి. ఇది మీరుండే చోట చట్టం అనుమతించే వయసు దాటి, ఇప్పటికే మద్యం తీసుకునేవారి కోసం రాసింది. తాగే అలవాటు లేనివారు దీని కోసం మొదలుపెట్టవలసిన పని లేదు. గర్భిణులు, ఆల్కహాల్‌తో పడని మందులు వాడుతున్నవారు, కాసేపట్లో వాహనం నడపవలసినవారు దీని జోలికి వెళ్లకూడదు.

1. మూత తీయకముందు లేబుల్ చదవండి

మొదట ఆల్కహాల్ శాతం చూడండి. స్టౌట్ అనే పేరు కింద చాలా తేడాలున్న బీర్లు వస్తాయి. పాల చక్కెర కలిపిన మిల్క్ స్టౌట్లు సాధారణంగా 4 నుంచి 6 శాతం మధ్య ఉంటాయి. ఇంపీరియల్ స్టౌట్ అని రాసి ఉంటే 8 నుంచి 12 శాతం వరకూ ఉండవచ్చు, ఒక్కోసారి ఇంకా పైకి పోతుంది. 330 మిల్లీలీటర్ల సీసాలో 10 శాతం అంటే 33 మిల్లీలీటర్ల శుద్ధ ఆల్కహాల్, తూకంలో దాదాపు 26 గ్రాములు. 5 శాతం బీరు రెండు సీసాలు తాగినంత అన్నమాట. అలాంటి సీసాను ఇద్దరు ముగ్గురు పంచుకోవడమే సరైన పద్ధతి. రుచి చూడటానికి మనిషికి 100 నుంచి 120 మిల్లీలీటర్లు చాలు.

తర్వాత పదార్థాల జాబితాలో లాక్టోజ్ ఉందేమో చూడండి. ఇది పాలలో ఉండే చక్కెర. బీరు తయారీకి వాడే ఈస్ట్ దీన్ని పులియబెట్టలేదు కాబట్టి ఎంత కలిపితే అంతా బీరులోనే మిగిలిపోతుంది. అంటే ఈ తీపి నిజమైనది, నాలుకకు అందేది. దానితోపాటు చిక్కదనం కూడా వస్తుంది. పాలు పడనివారు లాక్టోజ్ ఉన్న సీసాను పక్కన పెట్టేయాలి. లాక్టోజ్ లేదని తెలిస్తే ఆ సంగతి గుర్తుపెట్టుకోండి, ఐదో మెట్టులో పనికొస్తుంది.

ఇక వెనిల్లా ఎక్కడిది? "వెనిల్లా కాయలు", "వెనిల్లా సారం", "వెనిల్లా ఫ్లేవర్" అని మూడు రకాలుగా రాస్తుంటారు. మూడింటికీ తేడా ఉంది. వెనిల్లా అనేది ఒక ఆర్కిడ్ తీగకు కాసే కాయ. మెక్సికో ప్రాంతం దాని పుట్టిల్లు. అక్కడి నుంచి ఇతర దేశాలకు తీగ చేరినా, పూత పూసేది కానీ కాయ నిలిచేది కాదు. 1841లో హిందూ మహాసముద్రంలోని రీయూనియన్ దీవిలో బానిసత్వంలో ఉన్న ఎడ్మండ్ ఆల్బియస్ అనే 12 ఏళ్ల కుర్రవాడు పుల్లముక్కతో, బొటనవేలితో పువ్వును చేత్తో పరాగసంపర్కం చేసే తేలికైన మార్గం కనిపెట్టాడు. ఇప్పటికీ తోటల్లో పని జరిగేది ఆ పద్ధతిలోనే. కోసిన పచ్చికాయకు ఆ వాసన ఉండదు. వేడి నీళ్లలో ముంచి, చెమ్మగిల్లనిచ్చి, నెలల తరబడి ఆరబెడితే లోపలి ఎంజైములు పనిచేసి వెనిలిన్ అనే పదార్థాన్ని విడుదల చేస్తాయి. బాగా ఆరిన కాయలో వెనిలిన్ సుమారు 1 నుంచి 2 శాతం ఉంటుంది. మిగతా పరిమళం వందల కొద్దీ ఇతర పదార్థాలది. వెనిల్లా కాయలతో చేసిన బీరులో కలప, తోలు, ఎండుపండు లాంటి ఛాయలు తగలడానికి కారణం ఇదే.

వెనిలిన్ ఒక్కదాన్నే కృత్రిమంగా తయారుచేయడం 1874 నుంచే ఉంది. జర్మన్ రసాయన శాస్త్రవేత్తలు టీమన్, హార్మన్ ఆ పని చేశారు. కృత్రిమం అయినంత మాత్రాన చెడ్డది కాదు. కానీ దాని వాసన ఒకే స్వరంలో, మొదటి నుంచి చివరి దాకా మారకుండా ఉంటుంది. కాయ వాసన మెట్టు మెట్టుకూ మారుతుంది. కొంచెం సాధనతో ముక్కు ఈ తేడా పట్టేస్తుంది.

లేబుల్ మీద తికమక పెట్టే మాట ఇంకొకటి ఉంది. "బోర్బన్ వెనిల్లా" అని కనిపిస్తే అమెరికా విస్కీ అనుకోవద్దు. రీయూనియన్ దీవికి పాత పేరు బోర్బన్. ఆ దీవి, మడగాస్కర్, చుట్టుపక్కల దీవుల్లో పండే వెనిల్లాకు ఆ పేరు స్థిరపడింది. "బోర్బన్ పీపాల్లో నిల్వ చేసినది" అంటే మాత్రం విస్కీ పీపాలే. వెనిల్లా వేయకపోయినా ఓక్ పీపాలోంచి ఆ వాసన రావచ్చు. పీపా చేసేటప్పుడు ఓక్ చెక్కను కాలుస్తారు. ఆ వేడికి చెక్కకు గట్టిదనం ఇచ్చే లిగ్నిన్ అనే పదార్థం విడిపోయి వెనిలిన్ పుడుతుంది. పీపా వెనిల్లా పక్కన కొబ్బరి లాంటి ఛాయ, చెక్క వగరు తరచూ ఉంటాయి. తాహితీ వెనిల్లా అని రాసి ఉంటే పూల వాసన, సోంపు ఛాయ ఆశించవచ్చు.

చివరగా సీసాలో నింపిన తేదీ. వెనిల్లా స్టౌట్‌ను దాచిపెట్టుకునే బీరుగా నేను చూడను. ఘాటైన స్టౌట్ కాలంతో మెత్తబడుతుంది, నిజమే. కానీ వెనిల్లా పరిమళం మాల్ట్ (మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ) రుచికంటే ముందే సన్నగిల్లుతుంది. ఏళ్లు గడిచిన సీసా తెరిచి "వెనిల్లా ఏదీ?" అని తయారీదారును నిందించడం న్యాయం కాదు. దొరికినంతలో కొత్త సీసా తీసుకోండి, తొందరగా తెరవండి.

2. చల్లదనం, గ్లాసు, గది

వెనిల్లా స్టౌట్‌ను పాడుచేసే పనుల్లో మొదటిది అతిగా చల్లబరచడం. ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే బీరు 4 డిగ్రీల దగ్గర ఉంటుంది. ఆ చలిలో పరిమళ పదార్థాలు గాలిలోకి లేవవు, నాలుక మొద్దుబారుతుంది. వెనిలిన్ తేలికగా ఆవిరయ్యే పదార్థం కాదు కాబట్టి దెబ్బ ముందు దానికే తగులుతుంది. మిగిలేది చేదు, గ్యాస్ గుచ్చు. సీసాను బయట పెట్టి 20 నుంచి 30 నిమిషాలు ఆగండి. 10 నుంచి 13 డిగ్రీల మధ్య మొదలుపెడితే బాగుంటుంది. ఇంపీరియల్ రకమైతే ఇంకాస్త ఆగినా నష్టం లేదు. సీసా పక్కకు పడుకోకుండా నిలబెట్టి ఉంచండి, అడుగున మడ్డి ఉంటే కదలకుండా ఉంటుంది.

గ్లాసు కడుపు వెడల్పుగా, మూతి కాస్త ముడుచుకున్నట్టు ఉండాలి. తులిప్ గ్లాసు ఉంటే మంచిది, లేకపోతే మామూలు వైన్ గ్లాసు సరిపోతుంది. నిలువు గోడల పెద్ద గ్లాసులో వాసన నిలవదు. ఫ్రీజర్‌లో పెట్టి మంచు పట్టించిన గ్లాసు అసలు వద్దు. శుభ్రత విషయంలో పట్టుదలగా ఉండండి. బీరు పోశాక గ్లాసు గోడకు లోపలివైపు బుడగలు గుంపుగా అతుక్కుని కనిపిస్తే అక్కడ జిడ్డు ఉన్నట్టే. ఆ జిడ్డే నురుగును తినేస్తుంది. సువాసన ఉన్న సబ్బుతో కడిగి సరిగా తొలచకపోతే ఇంకా ఘోరం, నిమ్మ సబ్బు వాసనను వెనిల్లాతో కలిపి పీలుస్తారు. వేడి నీటితో బాగా తొలిచి, తలకిందులుగా పెట్టి గాలికి ఆరనివ్వండి. తుడుచుకునే గుడ్డ వాసన కూడా గ్లాసుకు పడుతుంది.

గదిలో వంట వాసన, అత్తరు, పరిమళం వేసిన కొవ్వొత్తి లేకుండా చూసుకోండి. వాటిలో చాలావాటిలో వెనిలిన్ కలిసే ఉంటుంది. చేతులకు వాసన లేని సబ్బు వాడండి. కారం తిన్న వెంటనే, కాఫీ తాగిన వెంటనే, పళ్లు తోముకున్న వెంటనే కూర్చోవద్దు. గంట గడిచాక మొదలుపెట్టండి. పక్కన మంచినీళ్లు, ఏ రుచీ లేని రొట్టెముక్క, కాగితం, కలం పెట్టుకోండి.

3. పోయండి, చూడండి

గ్లాసును కాస్త వంచి గోడ వెంట పోయండి. పోయవలసినదాంట్లో సగం పోశాక నిటారుగా పట్టి మధ్యలో పోస్తే రెండు వేళ్ల మందం నురుగు లేస్తుంది. గ్లాసు మూడో వంతు నిండితే చాలు, మిగతా ఖాళీ వాసన నిలవడానికి. సీసాలోనే గ్యాస్ పుట్టించిన బీరు అయితే చివరి వేలెడు పోయకుండా ఆపండి, అందులో ఈస్ట్ మడ్డి ఉంటుంది.

"నైట్రో" అని రాసిన డబ్బా అయితే పద్ధతి వేరు. అందులో కార్బన్ డయాక్సైడ్‌తో పాటు నైట్రోజన్ ఉంటుంది. నైట్రోజన్ ద్రవంలో బాగా కరగదు, అతి చిన్న బుడగలుగా బయటికి వస్తుంది. గిన్నిస్ 1959లో ఈ పద్ధతిని పీపా బీరుకు తెచ్చింది, 1988లో డబ్బాలో చిన్న ప్లాస్టిక్ గుళిక పెట్టి ఇంటికి చేర్చింది. నైట్రో బీరును గట్టిగా, ఆపకుండా పోయాలి. గ్లాసులో అలలు అలలుగా కిందికి జారే బుడగలు ఆగేదాకా ఓపిక పట్టండి. ఇక్కడ ఒక జాగ్రత్త: నైట్రో మీగడ లాంటి మెత్తదనం ఇస్తుంది, గ్యాస్ గుచ్చు తగ్గిస్తుంది, వాసనను కూడా కొంత అణుస్తుంది. మెత్తదనానికి వెనిల్లా తోడైతే లేని తీపి ఉన్నట్టు అనిపించడం మరీ తేలిక.

రంగు గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. స్టౌట్ నల్లగానే ఉంటుంది. ఆ నలుపు బాగా వేయించిన బార్లీ, మాల్ట్‌ల నుంచి వస్తుంది. 1817లో డేనియల్ వీలర్ గింజలను తిరిగే పీపాలో మాడిపోకుండా నల్లగా వేయించే పద్ధతికి ఇంగ్లండులో పేటెంట్ తీసుకున్నాకే ఇలాంటి రంగు కొద్ది గింజలతో సాధ్యమైంది. దీపానికి ఎదురుగా పట్టి అంచు చూడండి, ముదురు ఎరుపో గోధుమ రంగో కనిపిస్తే సరే. నురుగు లేత గోధుమ రంగులో ఉంటుంది. ఆల్కహాల్ ఎక్కువున్న స్టౌట్లలో నురుగు తొందరగా పడిపోతే లోపంగా లెక్కపెట్టవద్దు.

4. వాసన

ఈ మెట్టు దగ్గర తొందరపడకండి. వెనిల్లా స్టౌట్‌లో అసలు సంగతి మూడొంతులు ఇక్కడే ఉంది.

పోసిన వెంటనే, నురుగు ఇంకా నిలిచి ఉండగానే మొదటిసారి వాసన చూడండి. బుడగలు పగులుతూ పరిమళాన్ని పైకి మోసుకొస్తాయి. దీర్ఘంగా పీల్చవద్దు. గ్లాసును ముక్కుకు ఒక జానెడు దూరంలో అటూ ఇటూ కదిపి, తర్వాత దగ్గరికి తెచ్చి, రెండు మూడు చిన్న పీల్పులు తీసుకుని వెంటనే దూరం జరపండి. వెనిల్లా వాసనకు ముక్కు చాలా తొందరగా అలవాటుపడిపోతుంది. అర నిమిషం ఆపకుండా పీలిస్తే వెనిల్లా మాయమైపోయినట్టే ఉంటుంది, అప్పుడు గ్లాసులో ఏమీ లేదనుకుంటారు. అలా అయితే మీ మోచేతి మడతలో చర్మం వాసన చూడండి. మీ ఒంటి వాసనకు ముక్కు ఎప్పుడో అలవాటుపడి ఉంటుంది కాబట్టి అది దానికి విశ్రాంతి. అర నిమిషం తర్వాత మళ్లీ గ్లాసు దగ్గరికి రండి.

రెండోసారి గ్లాసును మెల్లగా తిప్పి, పైన అరచేయి మూసి, కొన్ని క్షణాల తర్వాత తెరిచి పీల్చండి. ఈసారి వెనిల్లాను వెతకకండి. పేరు చదివారు కాబట్టి అది ఎలాగూ కనిపిస్తుంది. ముందు దాని కింద ఉన్న స్టౌట్‌ను వెతకండి. వేయించిన గింజ ఏ దశలో ఆగింది? కాల్చిన రొట్టె పెంకులాగా ఉందా, కాఫీలాగా ఉందా, ముదురు చాక్లెట్‌లాగా ఉందా, బూడిద దాకా వెళ్లిపోయిందా? పంచదార పాకం ముదిరిన వాసన ఉందా? ఎండుద్రాక్ష, ఎండు ఖర్జూరం లాంటి పండ్ల ఛాయ ఉందా? ఆల్కహాల్ ముక్కును గుచ్చుతోందా? వీటిలో రెండు మూడైనా స్పష్టంగా పట్టుకున్నాకే వెనిల్లా దగ్గరికి రండి.

ఇప్పుడు వెనిల్లాను అడగవలసినవి అడగండి. అది వేయించిన వాసనలో కలిసిపోయిందా, పైన తేలుతోందా? మంచి వెనిల్లా స్టౌట్‌లో కాఫీ, చాక్లెట్ వాసనలు వెనిల్లా వల్ల మరింత గుండ్రంగా, నిండుగా తోస్తాయి. వెనిల్లా ఎక్కడ మొదలైందో గీత గీసి చెప్పలేరు. తేలిపోయిన వెనిల్లా మాత్రం గ్లాసు మూతి దగ్గరే ఎదురై, లోపలికి వెళ్లే కొద్దీ ఏమీ చెప్పదు. కొవ్వొత్తి వాసన, అలంకరణ సామగ్రి వాసన గుర్తుకొస్తే అది వెనిల్లా మోతాదు మించిన బీరు, లేదా వెనిలిన్ ఒక్కదాని మీదే నడిచిన బీరు.

ఎవరితో అయినా కలిసి కూర్చుంటే, నోరు విప్పకముందు అందరూ కాగితం మీద రాయండి. ఒకరు "కొబ్బరి" అన్నారంటే మిగతావాళ్ల ముక్కులకు కూడా కొబ్బరి తగలడం మొదలవుతుంది.

5. ముక్కు మూసుకుని ఒక గుటక

మొదటి గుటకను లెక్కలోకి తీసుకోకండి. అది నోటిని అలవాటు చేయడానికి. నోరంతా తడిపి మింగేయండి.

రెండో గుటకకు ముందు రెండు వేళ్లతో ముక్కు గట్టిగా మూయండి. పెద్ద చెంచాడు బీరు నోట్లోకి తీసుకుని, నాలుక మీద, బుగ్గల లోపల, అంగిలి దాకా తిప్పండి. ముక్కు మూసే ఉంచండి. ఇప్పుడు మీకు అందేది నాలుక చెప్పేది, నోటి చర్మం చెప్పేది మాత్రమే. వెనిల్లా ఉండదు. కాఫీ, చాక్లెట్ కూడా ఉండవు, అవీ వాసనలే. మిగిలేవి తీపి, చేదు, పులుపు, వగరు, చిక్కదనం, గ్యాస్ గుచ్చు, ఆల్కహాల్ వెచ్చదనం.

ఆ స్థితిలోనే తీపికి ఒక అంకె ఇవ్వండి. సున్నా నుంచి పది వరకు, మీకు మీరే. తర్వాత బీరు మింగి, వెంటనే ముక్కు వదిలి, నోరు మూసుకునే ముక్కు ద్వారా ఊపిరి బయటికి వదలండి. గొంతు వెనక నుంచి ముక్కులోకి వెళ్లే దారిలో వెనిల్లా ఒక్కసారిగా విచ్చుకుంటుంది, దానితో పాటే కాఫీ, చాక్లెట్. ఇప్పుడు మళ్లీ తీపికి అంకె ఇవ్వండి. చాలాసార్లు రెండో అంకె పెద్దదిగా ఉంటుంది. రెండు అంకెల మధ్య ఉన్న దూరమే ముక్కు తీపి.

ఈ దూరం చాలా చెబుతుంది. మొదటి అంకె చిన్నదై, రెండోది బాగా పెద్దదైతే తయారీదారు చక్కెర మీద ఆధారపడకుండా పరిమళంతోనే తీపి భావన కలిగించారన్నమాట. నా దృష్టిలో వెనిల్లా స్టౌట్ తయారీలో అసలైన నేర్పు ఇదే. తాగేటప్పుడు తియ్యగా తోచి, మింగాక నోరు పొడిగా, శుభ్రంగా మిగులుతుంది. మరో గుటక తీసుకోవాలనిపిస్తుంది. మొదటి అంకే పెద్దగా ఉంటే లాక్టోజ్‌తోనో, పులియకుండా మిగిలిన మాల్ట్ చక్కెరతోనో బరువు పెంచారు. అది తప్పేమీ కాదు. ఘాటైన ఇంపీరియల్ స్టౌట్‌కు కొంత తీపి ఆధారం కావాలి, లేకపోతే ఆల్కహాల్ మంట, వేయించిన చేదు రెండూ మీదికి దూకుతాయి. కానీ లేబుల్‌పై లాక్టోజ్ లేదు, ఆల్కహాల్ 5 శాతమే, అయినా నాలుక తీపి ఎక్కువగా ఉందంటే ఆ చక్కెర ఎక్కడి నుంచి వచ్చిందో ఆలోచించవలసిందే.

నాలుక కొనకు తీపి, వెనక్కి చేదు అనే పటం పుస్తకాల్లో చూసి ఉంటారు. అది 1901 నాటి ఒక జర్మన్ పరిశోధనను తరువాతివారు తప్పుగా అర్థం చేసుకోవడం వల్ల పుట్టింది. అన్ని రుచులూ నాలుక అంతటా తెలుస్తాయి. కాబట్టి బీరును నోరంతా తిప్పడమే ముఖ్యం, ఏ మూలకు పంపాలనే లెక్క అక్కరలేదు.

6. చేదును, వగరును వేరు చేయండి

మూడో గుటక ముక్కు తెరిచే తీసుకోండి, ఈసారి దృష్టి చేదు మీద. స్టౌట్‌లో చేదు రెండు వైపుల నుంచి వస్తుంది. హాప్స్ (బీరుకు చేదు కోసం వేసే ఒక తీగ పువ్వులు) చేదు తేటగా, కొంచెం మూలికలాగా ఉండి మింగాక కాసేపు నిలుస్తుంది. వేయించిన గింజ చేదు పొడిగా ఉంటుంది, బూడిద వైపు మొగ్గుతుంది, దాని వెంట వగరు వస్తుంది. వగరు అంటే రుచి కంటే స్పర్శ అనాలి. చిక్కటి డికాక్షన్ తాగాక నాలుక గరుకై, బుగ్గలు లోపలికి లాగినట్టు ఉండే తీరు. వెనిల్లా ఈ వగరును తీసేయలేదు, కానీ దాని మొనను కాస్త మొద్దుచేసినట్టు తోపిస్తుంది. మింగిన తర్వాత నిమిషం ఆగి నాలుకతో అంగిలిని రాసి చూడండి. గరుకు ఎక్కువగా మిగిలితే వెనిల్లా కింద కఠినమైన వేపుడు ఉందని అర్థం.

బీరును ఉమ్మేయవద్దు, చిన్న గుటకే అయినా మింగండి. మింగాక వెనక్కి వచ్చే రుచి, ముక్కు వెనక దారిలో లేచే వాసన లేకుండా స్టౌట్ గురించి సగమే తెలుస్తుంది. అందుకే గుటకలు తక్కువ, మధ్యలో నీళ్లు ఎక్కువ.

చివరి రుచిలో నేను చూసే వరుస ఇది: ముందు వేయించిన గింజ, నడుమ వెనిల్లా, చివర మళ్లీ పొడి చేదు లేదా కోకో. వెనిల్లా మధ్యలో వచ్చి సెలవు తీసుకోవాలి. అన్నీ వెళ్లిపోయాక అదొక్కటే నోట్లో మిగిలి ఉంటే మోతాదు మించిందన్నమాట.

7. ఆగి, మళ్లీ చూడండి

గ్లాసులో సగం మిగిల్చి పావుగంట పక్కన పెట్టండి. బీరు వెచ్చబడుతుంది, గ్యాస్ తగ్గుతుంది. మళ్లీ వాసన, మళ్లీ ముక్కు మూసిన గుటక, మళ్లీ అంకెలు. కాయలతో చేసిన బీరులో ఈ సమయానికి వెనిల్లా లోతుగా మారి, కలప, ఎండుపండు ఛాయలు బయటికి వస్తుంటాయి. ఒకే స్వరంలో ఉండే వెనిల్లా అయితే అదే వాసన ఇంకాస్త గట్టిగా వినిపిస్తుంది. వెచ్చబడే కొద్దీ ఆల్కహాల్ కూడా లేస్తుంది. అది గొంతులో వెచ్చగా ఉంటే సరే, రంగు కలిపే సాల్వెంట్ వాసనలా ముక్కులో గుచ్చితే పులియబెట్టడంలో వేడి అదుపు తప్పిందని అనుమానించవచ్చు.

లోపాలు కూడా ఈ దశలోనే తేలికగా తెలుస్తాయి. వెనిల్లా స్టౌట్‌లో ఎక్కువగా మోసపోయేది డయాసిటైల్ అనే పదార్థం దగ్గర. ఈస్ట్ పని పూర్తికాకముందే బీరును చల్లబరిస్తే, లేదా బ్యాక్టీరియా చేరితే ఇది మిగిలిపోతుంది. వెన్న, వెన్న పూసిన పాప్‌కార్న్ వాసన, నాలుక మీద జారుడుగా ఒక పూత. పక్కన వెనిల్లా ఉంటే ఇది బటర్‌స్కాచ్ మిఠాయిలా తోచి, కావాలనే చేశారేమో అనిపిస్తుంది. గుర్తుపట్టే మార్గం ఆ జారుడే: వెనిల్లా నాలుక మీద పూత పెట్టదు. తడిసిన అట్టపెట్టె వాసన వస్తే బీరు పాతబడి గాలి తగిలింది. సోయా సాస్, మాంసపు ఛాయ అయితే చనిపోయిన ఈస్ట్ లేదా మితిమీరిన వయసు కారణం. లవంగం, పొగ, మందుల వాసన ఊహించని చోట కనిపిస్తే అడవి ఈస్ట్ చేరి ఉండవచ్చు. వేయించిన గింజల వల్ల స్టౌట్‌లో కొద్దిపాటి పులుపు సహజమే. పాలు విరిగినంత పులుపు ఉండి, మూత తీయగానే నురుగు పొంగి పొర్లితే ఆ సీసాను అంతటితో వదిలేయండి.

8. ముక్కుకు శిక్షణ: నాలుగు గ్లాసుల పరీక్ష

దీన్ని వేరే రోజు చేయండి. వెనిల్లా లేని మామూలు స్టౌట్, 4 లేదా 5 శాతం ఉన్నది, ఒక సీసా తీసుకోండి. నాలుగు గ్లాసుల్లో తలా 80 మిల్లీలీటర్లు పోయండి. మొదటిదాన్ని అలాగే వదిలేయండి. రెండోదాంట్లో నిజమైన వెనిల్లా సారం ఒకటి రెండు చుక్కలు. మూడోదాంట్లో చెంచాడు నీళ్లలో కరిగించిన అర టీస్పూను చక్కెర. నాలుగోదాంట్లో రెండూ. మొదటి రెండింటిలోనూ చెంచాడు మంచినీళ్లు కలిపితే పలచదనం అన్నింటిలో సమానం అవుతుంది. గ్లాసుల అడుగున గుర్తులు రాసి, మరొకరి చేత వరుస మార్పించండి.

ఇప్పుడు తీపి క్రమంలో పేర్చండి, మొదట ముక్కు తెరిచి, తర్వాత ముక్కు మూసి. ముక్కు మూసినప్పుడు గ్లాసులు రెండు జట్లుగా విడిపోవాలి: చక్కెర ఉన్నవి, లేనివి. ముక్కు తెరిచినప్పుడు చక్కెర లేని వెనిల్లా గ్లాసు మామూలు గ్లాసును దాటి పైకి ఎక్కుతుంది. ఈ ఒక్క సాయంత్రం చేసే మేలు ఎన్ని సీసాలు తాగినా రాదని నా గట్టి నమ్మకం.

ఒకే తయారీదారు మామూలు స్టౌట్‌నూ, అదే స్టౌట్‌కు వెనిల్లా చేర్చిన రకాన్నీ అమ్ముతుంటే మూడు గ్లాసుల పరీక్ష కూడా చేయవచ్చు. రెండింటిలో ఒకటి, మూడోదాంట్లో మరొకటి పోయించి, వేరుగా ఉన్నది ఏదో చెప్పండి. ఊహించి చెప్పినా మూడింట ఒకసారి తగులుతుంది కాబట్టి ఒక్కసారి సరిగ్గా చెప్పడంతో ఆగకండి, గ్లాసులు మార్పించి మళ్లీ చూడండి. ముక్కు మూసి కూడా తేడా పట్టుకోగలిగితే రెండు బీర్ల మధ్య తేడా వెనిల్లా ఒక్కటే కాదు, చక్కెరో చిక్కదనమో కూడా మారింది.

9. రాసుకోవడం

రాసేటప్పుడు "బాగుంది", "రిచ్‌గా ఉంది" లాంటి మాటలు వారం తర్వాత మీకే అర్థం కావు. ఇలా రాయండి: నింపిన తేదీ, ఆల్కహాల్ శాతం, లాక్టోజ్ ఉందా లేదా, మొదలుపెట్టినప్పటి చల్లదనం. వాసన: కాఫీ ముందు, ముదురు చాక్లెట్ వెనక, వెనిల్లా కలిసిపోయింది, కొంచెం కలప. తీపి: ముక్కు మూసి 3, తెరిచి 6. చేదు మధ్యస్థం, వగరు తక్కువ. చివర కోకో పొడి, వెనిల్లా అర నిమిషంలో వెళ్లిపోయింది. పావుగంట తర్వాత ఎండుద్రాక్ష. ఇంతే చాలు. మెచ్చుకోలు మాటలు చివర ఒక వాక్యంలో రాసుకోండి.

సీసాలో ఇంకా బీరు మిగిలితే తాగేయాలని పట్టుబట్టకండి. మూత బిగించి ఫ్రిజ్‌లో పెట్టి, మర్నాడు ఒక గుటక మళ్లీ ముక్కు మూసుకుని చూడండి. కరిగిన గ్యాస్ ఇచ్చే పులుపు, గుచ్చు తీపిని కొంత కప్పి ఉంచుతాయి. అవి పోయాక నాలుక తీపి అంకె ఎంత పెరిగిందో నిన్నటి కాగితం మీదే పక్కన రాసి పెట్టండి.